గోరుచుట్టు ఎందుకొచ్చింది? పార్లర్‌కి వెళ్ళే ముందు ఇది వినండి

ఈరోజు టాపిక్ గోళ్ళు. నవ్వకండి, సీరియస్ మ్యాటరే.

పెళ్ళికి మూడు రోజుల ముందు మా చెల్లి అద్దంకిలోనే ఒక పార్లర్‌లో మ్యానిక్యూర్ చేయించుకుంది. పెళ్ళి రోజుకి బొటనవేలు వాచి చీము పట్టింది. గోరుచుట్టు. అమ్మమ్మ వేలికి నిమ్మకాయ తొడిగింది. తలంబ్రాలప్పుడు కూడా చెల్లి ఆ వేలు దాచుకునే ఉంది. తర్వాత డాక్టర్ గారు చీము తీసి ఒకటే అడిగారు, "గోరు చుట్టూ చర్మం కత్తిరించారా?" అని. కత్తిరించారు.

ఆ చర్మం మురికి కాదండీ. క్రిములు లోపలికి పోకుండా ఆపేది అదే. మిరపకాయలు కోసి వేళ్ళు పగిలిన వాళ్ళకైతే ఆ దారి ముందే తెరిచి ఉంటుంది.

చేతులే కాదు, కాళ్ళూ అంతే. 2000లో కాలిఫోర్నియాలోని వాట్సన్‌విల్‌లో, అదీ మనలాగే పంటల ఊరు, స్ట్రాబెర్రీ పండిస్తారు, ఒకే సెలూన్‌లో పెడిక్యూర్ చేయించుకున్న వందమందికి పైగా కాళ్ళ మీద కురుపులు లేచాయి. మానడానికి నెలలు పట్టింది. వెతికితే కాళ్ళు పెట్టే టబ్బుల్లో, నీళ్ళు లాగే జాలీ వెనక వెంట్రుకలు, చర్మం ముక్కలు పేరుకుని ఉన్నాయి. బ్యాక్టీరియా అక్కడ కాపురం పెట్టింది. కాళ్ళు షేవ్ చేసుకుని వెళ్ళిన వాళ్ళకి రిస్క్ ఇంకా ఎక్కువ. అందుకే పెడిక్యూర్ ముందు షేవింగ్ వద్దు.

మరి ఏం చూడాలి? సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో నేను నేర్చుకున్నది ఒకటుంది, స్టెప్పుల వరస తప్పితే పని చెడుతుంది. ఇక్కడా అంతే. కట్టర్‌ని ముందు సబ్బు పెట్టి బ్రష్‌తో తోమాలి, తర్వాతే మందు నీళ్ళలో నానబెట్టాలి. మురికి ఉంటే మందు సరిగ్గా పనిచేయదు. డబ్బా మీద పది నిమిషాలని ఉంటే పది నిమిషాలూ ఉంచాలి, ముంచి తీస్తే కుదరదు. గరుకు కాగితం లాంటి నెయిల్ ఫైల్ ఎంత కడిగినా శుభ్రపడదు. మీది మీరే తీసుకెళ్ళండి.

ఇంకోటి. హెపటైటిస్-బి వైరస్ ఒంటి బయట కనీసం 7 రోజులు బతుకుతుంది. కంటికి కనపడనంత రక్తం చాలు. దీనికి టీకా ఉంది. మామూలుగా మూడు డోసులు, మొదటిది వేశాక నెలకొకటి, ఆరు నెలలకొకటి. మనకన్నా ముందు అది పార్లర్ అక్కకి కావాలి. రోజంతా అందరి చేతులూ పట్టుకునేది ఆవిడే కదా!

అందుకే గొడవకి వెళ్ళకండి. నేను వెళ్ళి నెమ్మదిగా అడిగితే ఆవిడ, "మాకు డిజైన్లే నేర్పారు తమ్ముడూ, ఇది ఎవరూ చెప్పలేదు" అంది. ఇప్పుడు ఫోన్‌లో టైమర్ పెట్టి నానబెడుతోంది.

మీరూ అడగండి, "అక్కా, ఎన్ని నిమిషాలు నానబెట్టారు?" అని. వాపు, చీము కనిపిస్తే నిమ్మకాయతో సరిపెట్టకండి, డాక్టర్‌కి చూపించండి. పెళ్ళి కుదిరిన ఫ్రెండ్‌కి ఈ వీడియో పంపండి. ఉంటాను మరి, నమస్తే!