నా మొదటి పెళ్లి కేకు: 428 రూపాయలు నేర్పిన లెక్క

(సొసైటీ వార్షిక సమావేశంలో, కర్జె హసనా తీసుకున్న మహిళల తరఫున ఒక సోదరి చేసిన ప్రసంగం)



 మైకు ముందు మాట్లాడటం నాకు ఇదే మొదటిసారి. తప్పులుంటే మీ బిడ్డ అనుకుని మాఫ్ చేయండి.

మీరిచ్చిన డబ్బు ఏమైందో ఒక మనిషి కథగా చెప్పమని సెక్రటరీ గారు అడిగారు. నా కథ పెద్దదేం కాదు. ఈ సొసైటీ నుంచి వడ్డీ లేకుండా 15,000 రూపాయల కర్జె హసనా తీసుకుని ఓవెన్, బీటర్, కాటా కొనుక్కున్నాను. నెలకు 1,000 చొప్పున 15 నెలల్లో తీర్చాలి. పుట్టినరోజు కేకులు అరకిలో, కిలో చేసి ఇస్తుండేదాన్ని. నాలుగు నెలలు వాయిదా సరిగ్గా కట్టాను. అయిదో నెల కట్టలేకపోయాను. ఎందుకు కట్టలేకపోయానో, అదే ఈరోజు చెబుతాను.

రంజాన్ వెళ్లి షవ్వాల్ వచ్చింది. పెళ్లిళ్ల నెల, పైగా మే నెల. నందిగామ నుంచి ఒక ఖాలా ఫోన్ చేశారు. కొడుకు వలీమా, ఫంక్షన్ హాల్లో, 300 మంది. “మూడంతస్తుల కేకు కావాలి బేటీ, ఎంత తీసుకుంటావ్?” అన్నారు. పుట్టినరోజు కేకు కిలో 600కి ఇస్తున్నాను కదా అని, ఆరు కిలోలకు 3,600 అన్నాను. ఆవిడ వెంటనే సరే అన్నారు. బేరం ఆడకుండా ఒప్పుకున్నారంటే ఎక్కడో తక్కువ చెప్పి ఉంటానని అప్పుడే అనుమానం రావాలి. నాకు రాలేదు. ఫోన్ పెట్టేసి షుక్రానా నమాజు చదువుకున్నాను.

ఇక ఖర్చు వినండి. మైదా, పంచదార, రెండు డజన్ల గుడ్లు, నూనె, పాలు, కోకో, బేకింగ్ పౌడరు, ఎసెన్సు కలిపి 548 రూపాయలు. విప్పింగ్ క్రీమ్ రెండున్నర లీటర్లు, చాక్లెట్ కిలో కలిపి 930. పిస్తా, బాదం, పైన పెట్టే గులాబీలు 400. కేకు కింద పెట్టే గట్టి అట్టలు, లోపల నిలబెట్టే పుల్లలు, డబ్బాలు 350. గ్యాసు, కరెంటు 150. థర్మాకోల్ పెట్టె, ఐసు 150. ఏసీ కారు రానుపోను 1,200. అంతకుముందు రుచి చూడటానికి కిలో కేకు ఊరికే పంపాను, దానికి 300. మొత్తం 4,028.

తీసుకున్నది 3,600. అంటే 428 రూపాయలు నేనే ఎదురిచ్చి, రెండు రాత్రులు మేలుకుని, 19 గంటలు పనిచేసి వచ్చాను.

పోనీ కేకైనా బాగా కుదిరిందా అంటే, అదీ పూర్తిగా లేదు. మూడంతస్తులూ ఇంట్లోనే పేర్చి కారెక్కించాను. జగ్గయ్యపేట నుంచి హైవే మీద ముప్పై కిలోమీటర్లు కూడా ఉండదు నందిగామ. కానీ మన మెట్ట ప్రాంతం ఎండ మీకు తెలుసు, సాయంత్రం అయిదింటికి కూడా రోడ్డు సెగలు కక్కుతుంది. స్పీడ్ బ్రేకర్ వచ్చినప్పుడల్లా నా గుండె జారింది, కేకూ జారింది. హాలుకు చేరేసరికి పై అంతస్తు ఒక పక్కకు వాలింది. గులాబీలన్నీ ఆ పక్కకు సర్ది కప్పిపుచ్చాను. ఫొటోల్లో ఎవరికీ తెలియలేదు. కానీ ఆరు కిలోల కేకు 300 మందికి ఎలా సరిపోతుంది? మనిషికి 20 గ్రాములు. ఆడవాళ్ల వైపు సగం వరుసలకు చేరేసరికి ట్రే ఖాళీ. ఆ ఖాలా నన్ను ఒక్క మాట అనలేదు. ఆవిడ ముఖం చూసి నాకే సిగ్గేసింది.

ఆ నెల వాయిదా కట్టలేనని చెప్పడానికి కమిటీ ఆఫీసుకు వెళ్లాను. పెద్దాయన ఒకరు గడువిస్తామన్నారు. ఇస్తూ ఒక ప్రశ్న అడిగారు: “పనైతే ఉంది కదమ్మా, డబ్బెందుకు లేదు? లెక్క చూపించు.” నా దగ్గర లెక్క లేదు. ఆయన తన బల్ల సొరుగులోంచి ఒక నోటు పుస్తకం తీసి ఇచ్చారు. నేను ఇప్పుడు చదివిన అంకెలన్నీ ఆ పుస్తకం మొదటి పేజీలో ఉన్నవే. గుర్తు తెచ్చుకుని, రసీదులు వెతికి, ఆయన ముందే కూర్చుని రాశాను.

తర్వాత అదే కేకుకు న్యాయమైన ధర ఎంతో వేశాం. సరుకు, అట్టలు, గ్యాసు, ఐసు కలిపి 2,528. విరిగేది, పాడయ్యేది పదోవంతు, అంటే 250. నా కష్టం గంటకు 100 చొప్పున 1,900. ఓవెన్ అరుగుదలకు 300. ఇంచుమించు 5,000 అయింది. దానిమీద లాభం 1,000. అంటే కిలో వెయ్యి రూపాయలు, ఆరు కిలోలకు 6,000. కారు ఖర్చు 1,200 విడిగా. మొత్తం 7,200. నేను అడిగింది సరిగ్గా అందులో సగం.

ఇక్కడ మా అక్కచెల్లెళ్లు చాలామంది ఇంట్లో కేకులు, బిర్యానీ, మిఠాయిలు చేసి అమ్ముతున్నారు. వాళ్ల కోసం నేను నేర్చుకున్నది నాలుగు మాటల్లో చెబుతాను.

మొదటిది, మంది లెక్క. దావత్‌లో బిర్యానీ, డబుల్ కా మీఠా తిన్నాక మనిషికి 50 గ్రాముల ముక్క చాలు. అంటే కిలోకు 20 మంది. 300 మందికి 15 కిలోలు కావాలి. అంతా అలంకరించిన కేకే అక్కర్లేదు. స్టేజీ మీద కోసేది మూడు నాలుగు కిలోలు చేసి, మిగతాది అదే రుచితో సాదాగా ట్రేలో చేసి వెనక నుంచి ముక్కలు పంచవచ్చు. దానికి పూలు, పుల్లలు, అంతస్తులు ఉండవు కాబట్టి తక్కువ ధరకు ఇవ్వవచ్చు. పెళ్లివారికీ ఖర్చు తగ్గుతుంది. ఎత్తు కావాలంటే కింది అంతస్తు థర్మాకోల్‌ది పెట్టవచ్చు, కాకపోతే ముందే చెప్పి పెట్టాలి. ఇందులో నామోషీ ఏమీ లేదు. రెండో ప్రపంచ యుద్ధంలో పంచదార కరువై 1940లో బ్రిటన్ ప్రభుత్వం కేకుల మీద ఐసింగ్‌నే నిషేధించింది. అప్పుడు అక్కడి పెళ్లివారు అట్టతో చేసిన కేకు తొడుగు అద్దెకు తెచ్చి, దాని కింద చిన్న కేకు పెట్టుకుని పెళ్లిళ్లు చేసుకున్నారు.

రెండోది, రోజుల లెక్క. మూడు వారాల ముందు సగం అడ్వాన్సు తీసుకోవాలి, మాట కాగితం మీద రాసుకోవాలి. వారం ముందు మంది సంఖ్య ఖాయం చేసుకోవాలి. రెండు రోజుల ముందు స్పాంజి కాల్చి, పూర్తిగా చల్లారాక ప్లాస్టిక్ కవరు చుట్టి ఫ్రిజ్‌లో పెట్టాలి. ముందురోజు పొరలు వేసి పైపూత పూయాలి. ఆ రోజు పూలు మాత్రమే. ఏ అంతస్తుకు ఆ అంతస్తు విడి డబ్బాలో తీసుకెళ్లి హాల్లోనే పేర్చాలి. కింది అంతస్తులో పుల్లలు గుచ్చకుండా పై అంతస్తు పెడితే కూరుకుపోతుంది. డబ్బా కారులో చదునైన చోట పెట్టాలి, ఒళ్లో కాదు. మే నెలలో పైపూతకు క్రీమ్‌ను నమ్ముకోకూడదు. మూడు పాళ్లు డార్క్ చాక్లెట్‌కు ఒక పాలు క్రీమ్ వేసి చేసిన గనాష్ ఎండకు కొంత ఆగుతుంది. కరెంటు పోతే ఎవరింట్లో ఫ్రిజ్ దొరుకుతుందో ముందే అడిగి పెట్టుకోవాలి.

మూడోది, హలాల్ లెక్క. ముందు నేనూ పట్టించుకోలేదు. కేకు మీద చుట్టే ఫాండెంట్‌లో, జెల్లీ మిఠాయిల్లో జెలటిన్ ఉండవచ్చు, అది జంతువుల నుంచి వస్తుంది. కొన్ని ఎసెన్సుల్లో ఆల్కహాల్ ఉంటుంది. ప్యాకెట్ వెనక చదవకుండా కొనకూడదు. జెలటిన్ బదులు చైనా గ్రాస్ వాడుకోవచ్చు. మన దావత్‌లకు హిందూ స్నేహితులు కూడా వస్తారు, వాళ్లలో గుడ్డు తిననివాళ్లు ఉంటారు. వాళ్ల కోసం గుడ్డు లేనిది విడిగా చేసి, విడి కత్తి పెడతాను.

నాలుగోది, కాగితం. ఇంట్లో వండి అమ్మేవాళ్లు కూడా ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ రిజిస్ట్రేషన్ చేయించుకోవాలి. నేను చేయించుకున్నప్పుడు ఏడాదికి 12 లక్షల లోపు అమ్మకాలున్న చిన్న వ్యాపారానికి ఫీజు ఏడాదికి 100 రూపాయలే. ఆ నంబరు డబ్బా మీద ఉంటే అడిగినవాళ్లకు ధైర్యం, మనకూ గౌరవం.

పెద్దలు కొందరు నన్ను అడిగారు: “నికాహ్‌లో కేకు ఎందుకమ్మా? ఇది మన రివాజు కాదు కదా, ఇస్రాఫ్ కదా?” నిజమే, కేకు ఫర్జ్ కాదు, సున్నత్ కాదు. కేకు లేకుండా వలీమా చేసుకునేవాళ్లకు నా సలాం. కానీ కోయాలని అనుకున్నవాళ్లు ఎలాగూ కోస్తారు. ఆ డబ్బు విజయవాడ వెళ్లే బదులు మన వీధిలో ఒక ఇంటి పొయ్యి వెలిగిస్తే మంచిదే కదా. అందుకే ఇప్పుడు ఎవరైనా పెద్ద కేకు అడిగితే, ముందు చిన్నది చేయించుకోమనే చెబుతాను. దుబారా అమ్మి బతకాలని నాకూ లేదు.

కేరళలో తలస్సేరి అనే ఊరుంది. 1883లో మాంబళ్లి బాపు అనే బేకరీ యజమానికి మర్డక్ బ్రౌన్ అనే దొర ఇంగ్లండ్ నుంచి తెచ్చిన క్రిస్మస్ కేకు రుచి చూపించి, ఇలాంటిది చేయగలవా అని అడిగాడట. బాపు అంతకుముందు అలాంటి కేకు చేయలేదు. చేసి ఇచ్చాక దొర రుచి చూసి, మరో డజను చేయమన్నాడని చెబుతారు. ఈ కథ విన్నప్పుడు నాకు నచ్చింది ఆ డజను. మెచ్చుకుని వదిలేయలేదు, మళ్లీ పని ఇచ్చాడు. చేతిపని చేసేవాళ్లకు మెప్పుకోలు అంటే అదే.

ఇప్పుడు దాతలకు ఒక మనవి. చెప్పడానికి భయంగానే ఉంది, అయినా చెబుతాను. జకాత్, సదఖా ఇచ్చేటప్పుడు మీ చెయ్యి ఎంతో పెద్దది. అదే చెయ్యి మా దగ్గర కేకో, కుట్టుపనో చేయించుకునేటప్పుడు చిన్నదవుతుంది. “మన పిల్లే కదా, తగ్గించు” అంటారు. “సొసైటీ డబ్బుతోనే కదా ఓవెన్ కొన్నావ్” అని ఒకరు అన్నారు కూడా. ఆ మాట నాకు చాలా రోజులు గుచ్చుకుంది. కర్జ్ తీసుకున్నది తిరిగి కట్టడానికి. పనికి ధర దక్కకపోతే ఆ కర్జ్ తీరదు, కర్జ్ తీరకపోతే వరుసలో నిలబడ్డ ఇంకొకరికి అందదు. మా దగ్గర మీరు తగ్గించుకున్న 500 చివరికి ఆ ఇంకొకరి చేతిలోంచే పోతుంది. మజ్దూరీ గురించి మన ప్రవక్త (స) ఏం చెప్పారో నాకంటే మీకే బాగా తెలుసు.

అందుకని మా దగ్గర దాతల్లా కాకుండా కొనేవాళ్లలా నిలబడండి. లెక్క అడగండి, చూపిస్తాం. పని బాగా లేకపోతే మొహం మీదే చెప్పండి. బాగుంటే ధర ఇవ్వండి, ఇంకొకరికి చెప్పండి.

చివరిగా ఒక సంగతి. నందిగామ ఖాలా ఏడాది తర్వాత కూతురి నికాహ్‌కు మళ్లీ ఫోన్ చేశారు. ఈసారి నోటు పుస్తకం ముందు పెట్టుకుని ధర చెప్పాను. అటువైపు కాసేపు మాట లేదు. తర్వాత, “పోయినసారి నీకు నష్టం వచ్చిందా బేటీ?” అన్నారు. వచ్చిందన్నాను. “అప్పుడే చెప్పాల్సింది కదా,” అన్నారు. నాలుగు కిలోలది స్టేజీ మీదకు, మిగతాది ట్రేల్లో చేసి పంచాం. అంతస్తులు హాల్లోనే పేర్చాను. ఆడవాళ్ల వైపు చివరి వరుస దాకా ముక్క అందింది.

నా కర్జ్ 15 నెలల్లో తీరాల్సింది, 17 నెలల్లో తీరింది. ఆ 15,000 ఇప్పుడు నందిగామలో ఒక చెల్లెలి కుట్టు మిషన్ అయింది. మిషన్‌తో పాటు ఆ చెల్లెలికి ఒక నోటు పుస్తకం కూడా ఇవ్వమని కమిటీని అడిగాను. ఇచ్చారు.

అల్లాహ్ మీ అందరి సంపాదనలో బర్కత్ ప్రసాదించుగాక. ఆమీన్. వస్సలాం.