పరదేశపు బడిలో తొలి దినములు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగపాఠము)



మా యింట తరతరములుగా నున్న కరణీకము 1984లో ప్రభుత్వము గ్రామాధికారుల పదవులను రద్దు చేయుటతో మా తండ్రిగారి చేతిలోనే ముగిసినది. ఊరి సహకార సంఘమున లెక్కలు వ్రాయుట నా వృత్తి. భారత భాగవతములను గురుముఖమున గాక, ఈ గ్రంథాలయపు బల్లమీద నిఘంటువు ప్రక్కన పెట్టుకొని చదువుకొన్నవాడను. అట్టి నన్ను విదేశ విద్యను గూర్చి మాటాడుమని కార్యదర్శిగారు కోరిరి. నేను సముద్రము దాటినవాడను గాను. దాటినది మా మేనకోడలు. ఈ బల్లమీదనే చదువుకొని, ఉపాధ్యాయ శిక్షణ ముగించి, మాల్దీవులలో ఒక చిన్న దీవియందలి ప్రాథమిక పాఠశాలలో పనికి కుదిరినది. తొలి దినములలో ఆమె వ్రాసిన సంగతులను, వానివలన నాకు తోచిన యొక మాటను మీకు విన్నవించెదను.

మాల్దీవులనగా హిందూ మహాసముద్రమున దండవలె పరచుకొన్న సుమారు 1,190 పగడపు దీవులు. వానిలో జనావాసములు రెండువందలకు లోపే. నేల యెత్తు చాలచోట్ల నిలువెత్తు మనిషికి మించదు. కొబ్బరిచెట్టు, పీచుత్రాడు, చేప, పడవ, ఇవియే వారి పూర్వపు జీవనాధారములు. కోనసీమవారికి ఇందులో క్రొత్త యేమున్నది? వారి పడవ పేరు ధోనీ. మనకును దోనె కలదు. చేత డబ్బు లేనివాడు మనలో 'చిల్లిగవ్వ లేదు' అనును గదా! ఆ గవ్వలు శతాబ్దముల తరబడి ఆ దీవులనుండి వంగదేశమునకు ఓడలలో వచ్చి నాణెములవలె చెల్లినవి. 1965 జూలై 26న ఆ దేశము స్వతంత్రమైనది. ఆంగ్ల మాధ్యమమున బడులు పెరిగిన కొలది ఉపాధ్యాయులు చాలక, మన దేశమునుండి అనేకులు అచ్చటికి పోవుచు వచ్చిరి.

ఇంత పోలిక యున్నను మా పిల్లకు తొలి దినములు సుఖముగా గడువలేదు. దారిఖర్చులకును, పని కుదిర్చిన మధ్యవర్తి రుసుమునకును మా చెల్లెలు కొబ్బరితోట కాగితములు తాకట్టు పెట్టినది. అచ్చట సెలవు శుక్ర శనివారములు, ఆదివారము బడి. రెండవ తరగతిలో కాలు పెట్టగా ఒక బాలుడు పుస్తకమును మనకు వెనుక అట్టయైన వైపునుండి తెరచి, కుడినుండి ఎడమకు వ్రాయుచుండెను. అది వారి లిపి మర్యాద. ఆంగ్లమున ఏమి అడిగినను పిల్లలు 'యెస్ మిస్' అనుటయే గాని, అడిగినదేమో వారికి తెలియలేదు. వారిలో వారు చెప్పుకొన్నది ఈమెకు తెలియలేదు. ఆరవ రాత్రి నాకు జాబు వచ్చినది: "మామయ్యా, నేను వచ్చేస్తాను. అప్పు సంగతి అమ్మకు మీరే నచ్చచెప్పండి."

దానికేమి బదులు వ్రాయవలెనో నేను ఆలోచించుచుండగనే మరునాడు మరియొక జాబు వచ్చినది. ఆ దినమున ఆమె పాఠము మాని, నల్లబల్లమీద ఏడును అయిదును కూడిక వేసినదట. వెనుక బల్లనుండి ఒక బాలిక లేచివచ్చి 12 అని వ్రాసినది. అక్షరములను కుడినుండి వ్రాయు ఆ చేయి అంకెలను మాత్రము మనవలెనే ఎడమనుండి వ్రాసినది! అంతట ఈమె సుద్దముక్క ఆ బాలిక చేతనే ఉంచి, మీ భాషలో ఎంచి చెప్పుమని సైగ చేసినది. ఎకే, దే, తినే, హతరే, ఫహే అని ఇంచుమించుగా వినబడినదట. ఆ జాబు చదువుచు నేను ఉలిక్కిపడితిని. ఏక, ద్వి, త్రీణి, చత్వారి, పంచ! వారి దివేహీ భాష సింహళమునకు తోబుట్టువు. మన పకారము వారి నోట ఫకారమైనది. పంతులమ్మ ఎంచుచు తడబడినపుడెల్ల పిల్లలు నవ్వి దిద్దిరి. వారు ఆమె యెదుట నవ్వుట అదియే మొదలు.

లెక్కలు వ్రాయువాడను గనుక మరియొక వింత చెప్పక ఉండలేను. తానా యను వారి లిపిలో అక్షరములు ఇరువదినాలుగు. తొలి తొమ్మిదియు అరబ్బీ అంకెలనుండియు, తరువాతి తొమ్మిదియు ఆ దీవులలో పూర్వమున్న భారతీయ కుటుంబపు అంకెలనుండియు పుట్టినవి. ప్రతి యక్షరమునకు పైననో క్రిందనో గుర్తు పెట్టి, మన గుణింతమువలె అచ్చును తెలుపుదురు. మా పిల్ల రాత్రులందు ఆ గుణింతము దిద్దుకొని, నెల తిరుగునప్పటికి పిల్లల పేర్లను వారి లిపిలోనే పట్టీలో వ్రాయగలిగినది. అటుపిమ్మట ఆంగ్లము దానంతట అదియే దారికి వచ్చినది. రెండేండ్లలో తోట కాగితములును ఇంటికి వచ్చినవి.

ఆ దీవులకు పనికి వచ్చిన పరదేశులలో మహాయాత్రికుడు ఇబన్ బతూతా యొకడు. 1343లో వచ్చి అచ్చట న్యాయాధికారి యయ్యెను. స్త్రీల వస్త్రధారణను మార్పవలెనని ఆజ్ఞలిచ్చి, అది తనవలన కాలేదని తానే వ్రాసికొనెను. మరుసటి యేడు దీవులు విడిచెను. అంతటి పండితునికి అధికారము సాధింపలేని చనువు మా పిల్లకు ఒక సుద్దముక్కవలన కలిగినది. బోధింప బోయినవాడు మొదట ఆ పిల్లలయొద్దనే కొంత నేర్చుకొనవలెనని నా మనవి.

ఇది దూరదేశపు కథ గాదు. మన యూరి రొయ్యల చెరువుల పనికిని ఇటుకబట్టీలకును ఒడిశానుండి వచ్చిన కుటుంబముల పిల్లలు మన బడిలో వెనుక బల్లమీద మౌనముగా కూర్చుండుట మీరందరును ఎరుగుదురు. వారికి మన గ్రామమే పరదేశము. మనము అడిగినదానికి వారును తల యూపుదురు. తల యూపినంత మాత్రమున తెలిసినదనుకొని మనము పాఠము ముందుకు సాగింతుము. కొన్నాళ్లకు ఆ పిల్ల బడిలో కనబడదు. చెరువు గట్టున కనబడును. వారును ఏక, దుయి, తిని, చారి, పాంచ అనియే ఎంచుదురు. ఒక్కసారి వారిచేత ఎంచి చెప్పించుకొన్నవారు మనలో ఎందరు?

కావున కార్యవర్గమువారికి నా ప్రార్థన యిది. ఈ రజతోత్సవ సంవత్సరమున ఒడియా బాలశిక్షలు పది తెప్పింపుడు. తెలుగు, ఒడియా అంకెలు ప్రక్కప్రక్కన నున్న పటమొకటి గోడకు తగిలింపుడు. ఆదివారము సాయంకాలము ఒక గంటసేపు ఆ పిల్లలకు ఈ తలుపు తెరచి యుంచుడు. ఖర్చునకు మొదటి పద్దుగా నా పేర 1,000 రూపాయలు వ్రాసికొనుడు. ఆ గంట కూర్చుండుటకు నేనును వచ్చెదను.