దీర్ఘతరంగములతో కొన్ని రాత్రులు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)



ఈ గ్రంథాలయమునందే, ఆ కిటికీ ప్రక్కనున్న బల్లమీద, రేడియోను గూర్చిన మొదటి పుస్తకమును బాల్యమున చదివితిని. అందుచే కార్యదర్శిగారు మాటలాడుమని కోరగా కాదనలేకపోతిని.

లాభాపేక్ష లేక స్వయముగా రేడియో సందేశములు పంపుచు ప్రయోగములు చేయువారిని అమెచ్యూర్లందురు. 1912లో అమెరికా శాసన మొకటి వీరిని 200 మీటర్లకు మించని తరంగములకు పరిమితము చేసెను. పొట్టి తరంగములు దూరమునకు పనికిరావని ఆనాటి పెద్దల నమ్మకము. ఆ పనికిరాని వానితోనే 1923లో అమెచ్యూర్లు అమెరికా, ఫ్రాన్సుల నడుమ సంభాషించిరి. తరువాత పెద్దలును ఆ త్రోవనే పట్టిరి. దీర్ఘతరంగములు మాత్రము వీరికి చాలకాలము అందని పండ్లే. 2007 నాటి ప్రపంచ రేడియో సమావేశము 136 కిలోహెర్ట్జుల వద్ద సన్నని పట్టీ నొకదానిని వీరికి కేటాయించెను. అచ్చట తరంగము పొడవు రమారమి 2,200 మీటర్లు.

చిక్కంతయు ఆ పొడవులోనే ఉన్నది. ఆంటెన్నా అందులో నాలుగవ వంతైనను ఉండవలెనన్నచో 550 మీటర్ల స్తంభము కావలెను. పెరటిలో పది మీటర్ల గడయే గగనము. ఉద్యోగరీత్యా ఇంగ్లండున ఉన్నప్పుడు, లైసెన్సు గల మిత్రునితో కలసి ఈ పనిలో దిగితిని. మేము 200 వాట్లు లోనికి త్రోసినచో ఆకాశమునకు పోవునది వాటులో ఎనిమిదవ వంతు. తక్కినదంతయు తడి మట్టిని, తీగచుట్టను వెచ్చజేయుటకే సరిపోయెడిది. వానపాములకు చలి కాచు యంత్రమని మిత్రుని యిల్లాలు పరిహసించెడిది.

పరిహాసము కాని సంగతియు ఒకటి కలదు. పొట్టి తీగను ఈ తరంగమునకు శ్రుతి చేయుటకు పెద్ద తీగచుట్ట కావలెను. రెండు ఆంపియర్లు ప్రవహించునప్పుడు తీగపై సుమారు 8,000 వోల్టులు నిలుచును. ఒక వాన రాత్రి తీగ చివరనున్న నైలాను త్రాడు తడిసి, దానిమీదుగా విద్యుత్తు ప్రాకెను. త్రాడు పొగలు గ్రక్కుట చూచి, యంత్రమును ఆపక మునుపే తీగను లాగబోయితిని. మిత్రుని కేక క్షణము ఆలస్యమైనచో నా వ్రేళ్లు మిగిలెడివి కావు. మరునాడు తీగచుట్ట చుట్టును కంచె కట్టి తాళము వేసితిమి. ఆ పెరటిలోనే అతని కుమారుడు ఆడుకొనెడివాడు. ఈ కంచె మాకు ముందే తోచవలసినది.

ఇంత అపాయమున కోర్చి పొందిన ఆనంద మేమనగా, నిరీక్షణము. బలహీనమైన సంకేతము కానవచ్చుటకై మోర్సు చుక్క నొకదానిని 60 సెకండ్లు సాగదీయుదురు. చుక్కయు గీతయు గల 'ఎ' అక్షరమునకు అయిదు నిమిషములు పట్టును. అది చెవికి తెలియదు. కంప్యూటరు తెరపై చుక్కల నడుమ సన్నని గీతగా పొడసూపును. ఒక ఫిబ్రవరి రాత్రి రెండు గంటలు కాచుకొని నాలుగక్షరములు పోల్చుకొంటిమి. అవి కెనడానుండి వచ్చినవి! తెల్లవారుదాక మాకు నిద్ర పట్టలేదు.

మన యువకులు ఉత్సాహపడుదురేమో. ప్రసారమునకు పరీక్షయు, కేంద్ర ప్రభుత్వపు లైసెన్సును ఉండవలెను. కరెంటు తీగల దాపున ఎన్నడును ఆంటెన్నా కట్టవలదు. ఉరుము వినబడక మునుపే దానిని భూమికి కలిపివేయుడు. వినుటకు మాత్రము తీగచుట్టయు కంప్యూటరును చాలును.

స్వీడనులోని గ్రిమెటన్ వద్ద 1924 నాటి యంత్ర మొకటి గిరగిర తిరుగుచు 17.2 కిలోహెర్ట్జుల తరంగములను పుట్టించును. సాధారణముగా డిసెంబరు 24న దానిని నడిపి సందేశము పంపుదురు. మూడేండ్లుగా ఆ దినమున మా కొబ్బరితోటలో తీగచుట్టతో కూర్చుండుచున్నాను. ఇంతవరకు దూరపు మెరుపుల చిటపటలే వినవచ్చినవి. ఈ యేడును కూర్చుండెదను. వచ్చువారికి చాపలు సిద్ధముగా నుండును.