వింత రూపముల విద్యుత్ గిటారులు

వీణను చూడని తెలుగువారు అరుదు. చూచినవారిలో ఎవరును వీణ ఈ రూపముననే ఏల ఉండవలెనని అడుగరు. పనసమ్రాను తొలిచి చేసిన కుండ, పొడవైన దండి, కొనయందు యాళి ముఖము, దాని క్రింద బుర్ర, ఇంతయు కలిసినచో వీణ. 17వ శతాబ్దిలో తంజావూరు నేలిన రఘునాథ నాయకుని కాలమున 24 మెట్లతో ఈ రూపు కుదిరినదని సంగీతజ్ఞులు చెప్పుదురు. కుండ లోతు, పైపలక పలుచదనము మారినచో నాదము మారును. కావుననే పనివారు ఆ కొలతలను తాతలనాటి సొత్తువలె కాపాడుకొనుచు వచ్చినారు.

మన కిన్నెర కథయు ఇట్టిదే. నాగర్‌కర్నూలు జిల్లాకు చెందిన దర్శనం మొగిలయ్యగారు పన్నెండు మెట్ల కిన్నెర వాయించి 2022లో పద్మశ్రీ అందుకొన్నారు. ఆ కిన్నెరలో ఏమున్నవి? వెదురు దండి, ఎండిన బుర్రలు, అతుకుటకు తేనెమైనము. అడవిలో, పెరటిలో ఏది దొరకినదో అదియే వాద్యమునకు రూపమైనది. వింతగ ఉన్నదని పట్టణవాసులు అనుకొందురు గాని, నెమలి ఈకలను విడిచినచో అందులో అక్కరలేని వస్తువు ఒక్కటియు లేదు.

రూపమునకును నాదమునకును గల ఈ ముడిని విప్పినది విద్యుత్ గిటారు. దీనిలో ఉక్కుతీగల క్రింద అయస్కాంతము, దాని చుట్టు వేలకొలది చుట్లుగ సన్నని రాగితీగ ఉండును. ఉక్కుతీగను మీటినపుడు ఆ రాగిచుట్టలో స్వల్పమైన విద్యుత్తు పుట్టును. దానిని పెంచి లౌడుస్పీకరుకు పంపుదురు. మీ యింటి రేడియో పెట్టెలో చివర జరుగు పనియు ఇదియే. గుల్లపెట్టెతో పని తప్పినది గనుక గిటారు ఒడలు దిట్టమైన పలకగ మారినది. ఆ పలక ఏ కొయ్యదైనచో నాదము ఎంత మారునన్నది వాద్యకారులు నేటికిని తెంచుకొనని తగవు. అంచులను గుండ్రముగ కోసినను కోణములుగ కోసినను చెవికి తెలియు భేదము పెద్దగ లేదనుటలో మాత్రము పలువురు ఏకీభవింతురు. దీనితో, గిటారు చేయువానికి ఇచ్చవచ్చిన బొమ్మ గీసి రంపముతో కోయగల స్వాతంత్ర్యము చిక్కినది.

జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి ప్రాంతముల శ్రోతలకు ఈ గొడవ ఏల యని కొందరు అడుగవచ్చును. గిటారు మన ప్రాంతమునకు వచ్చి చాలకాలమైనది. పెండ్లి ఆర్కెస్ట్రాలలో ఉన్నది, ప్రార్థనాలయములలో ఉన్నది. 1939లో ప్రతిష్ఠ జరిగిన డోర్నకల్ పెద్ద దేవాలయము మహబూబాబాదు జిల్లాలోనిదే. బిషప్ అజరయ్యగారు తలపెట్టిన ఆ కట్టడమున గుడి స్తంభముల పోలికయు, మసీదు గుమ్మటముల పోలికయు కలిసి యున్నవి. వింత రూపమునకు భయపడు అలవాటు మన గడ్డకు లేదు. నేడు మన యువకులు సెల్‌ఫోను తెరపై రంగురంగుల గిటారుల బొమ్మలు చూచి, తలిదండ్రుల సొమ్ముతో వానిని తెప్పించుకొనుచున్నారు. ఆ సొమ్ము విషయమైనను ఈ ప్రసంగము వినదగును.

అమెరికాలో లియో ఫెండరు దిట్టపలక గిటారును 1950లో అంగడికి తెచ్చెను. 1958లో గిబ్సన్ సంస్థ రెండు వింతలను చేసినది. ఒకటి బాణపు ములికివలె నుండు ఫ్లయింగ్ వి. రెండవది మూలలు సాగదీసినట్లుండు ఎక్స్‌ప్లోరరు. అది రాకెట్ల కాలము. అంతకు ముందటి యేడే స్పుత్నిక్ ఆకాశమున కెగిరినది. కొనువారు మాత్రము ఎగిరి గంతువేయలేదు. మొదటి రెండేండ్లలో ఫ్లయింగ్ వి నూరైనను అంగళ్ళకు పోలేదు. కూర్చుండి వాయింపబోయినచో అది తొడపై నిలువదు, జారిపోవును. అయినను ఆల్బర్ట్ కింగ్ అను బ్లూస్ గాయకుడు దానిని చేపట్టెను. ఆయన ఎడమచేతి వాటమువాడు. గిటారును తలక్రిందుగ పట్టి వాయించువాడు. రెక్కలు రెండును సమానమగుటచే తలక్రిందైనను అది ఆయన ఒడికి ఒదిగినది. పదిమంది కాదన్న రూపము పదునొకండవవానికి అచ్చముగ సరిపోయినది.

గిబ్సన్ వింతలు ఖరీదైనవి. మరియొక జాతి వింతలు పేదరికములో పుట్టినవి. న్యూజెర్సీలో నాథన్ డేనియల్ అను నాతడు డేన్‌ఎలెక్ట్రో పేర చౌక గిటారులను చేసెను. కొయ్య చట్రమునకు పైన, క్రింద కొయ్యపొట్టు నొక్కి చేసిన పలక అతికించుటయే ఆయన పద్ధతి. అయస్కాంతపు చుట్టలను దాచుటకు స్త్రీలు వాడు లిప్‌స్టిక్ గొట్టములనే తెచ్చి వాడెను. సియర్స్ అను పెద్ద వర్తక సంస్థ ఈ గిటారులను సిల్వర్‌టోన్ పేర అమ్మినది. 1962లో వచ్చిన ఒక నమూనాకు పెట్టెయే యాంప్లిఫయరు. మూత తీసి గిటారును చేతికి తీసికొని, పెట్టెను నిలబెట్టినచో అందులోనుండియే పాట వినబడును. ఎందరో అమెరికను బాలురు ఆ పెట్టెతోనే పాఠము మొదలుపెట్టినారు. ఆ కాలముననే నేషనల్ సంస్థ గాజునార గలిపిన ప్లాస్టిక్‌తో గిటారులను పోతపోసి చేసినది. వానిలో ఒకదాని ఆకారము అమెరికా దేశపటమును తలపించును.

ఫెండరు సంస్థవారి జాజ్‌మాస్టర్ 1958లోను, జాగ్వార్ 1962లోను వచ్చినవి. వీని నడుము సరిగ ఎదురెదురుగ ఉండక, ఒక ప్రక్క ముందుకు, ఒక ప్రక్క వెనుకకు జరిగి యుండును. కూర్చుండి వాయించు జాజ్ విద్వాంసుని ఒడిలో కుదురుటకై ఈ ఏర్పాటు. పేరే జాజ్‌మాస్టర్. జాజ్ విద్వాంసులు దానివంక చూడలేదు. సముద్రతీరపు పడుచువాండ్రు తమ సర్ఫ్ సంగీతమునకు దానిని పట్టుకొన్నారు. ఆ మోజు తగ్గిన తరువాత జాగ్వార్ తయారీ 1975లోను, జాజ్‌మాస్టర్ తయారీ 1980లోను నిలిచిపోయినవి. పాతవి తాకట్టు దుకాణములకు చేరినవి. మంచి గిటారు కొనలేని పేద యువకులు వానిని చౌకగ కొని, తమ కొత్త సంగీతమును వానిపైననే కట్టినారు. 1990 దశాబ్దిలో నిర్వాణా బృందపు కర్ట్ కొబేన్ జాగ్వార్ పట్టి వేదిక నెక్కుటతో దాని వెల పెరిగినది. చౌకయగుటచే పట్టుకొన్న వస్తువు, వారు పట్టుకొన్నందువలననే చౌక కాకపోయినది!

తరువాతి కథ వర్తకులది. 1990 దశాబ్ది చివర డేన్‌ఎలెక్ట్రో పేరు మరల అంగడికెక్కినది. ఈ శతాబ్ది తొలి యేండ్లనుండి కెనడాలోని ఈస్ట్‌వుడ్ సంస్థ పాత పోతగిటారుల రూపములను కొయ్యతో చేసి అమ్ముచున్నది. ఫెండరు సంస్థయు తన పాత నమూనాలను మరల చేయుచున్నది. పాతకాలపు రూపు, నేటి పనితనము అని వారి మాట.

దీనిపై వాద్యకారులలో ఏకాభిప్రాయము లేదు. ఒక పక్షమువారు ఇది వేషమే యందురు. పాత గిటారులు వింతగ ఉండుటకు లేమి కారణము, లేక ఊహ కారణము. నేటి నకలుకు ఆ రెండును లేవు, బొమ్మ మాత్రమే మిగిలినదని వారి వాదము. రెండవ పక్షమువారు, చేతికి తీసికొనవలెనని బుద్ధిపుట్టించు వాద్యమునే మనిషి సాధన చేయునందురు. మూలనున్న గిటారు చూపులకు బాగున్నచో దినమునకు అరగంట ఎక్కువ వాయింతుమని వారి అనుభవము. ఈ మాటను నేను తేలికగ త్రోసిపుచ్చలేను. హార్మోనియము నేర్చుకొను పిల్లలకు సైతము ఇది వర్తించును.

మూడవ పక్షమువారిది విచిత్రమైన మాట. అమెరికను వాద్యకారుడు జాక్ వైట్ చాలకాలము ఎయిర్‌లైన్ అను ఎర్రని పాత పోతగిటారును వాయించెను. 2008 నాటి ఒక చలనచిత్రమున ఆయన తన పద్ధతిని వివరించెను. వాద్యము సులువుగ లొంగరాదు, దానితో పెనుగులాడవలెను, ఆ పెనుగులాటలోనే పాట పుట్టునని దాని సారాంశము. పది వేళ్ళు గట్టిపడిన వానికి ఇది సరియే. మూడు స్వరములు నేర్చిన బాలునకు పెనుగులాట మాత్రమే మిగులును, పాట పుట్టదు.

ఇక సామాన్య వాద్యకారుల ఫిర్యాదులు వినుడు. అవి రూపమును గూర్చినట్లుండును గాని, నిజమునకు చేతిని, భుజమును గూర్చినవి. జాగ్వార్‌లో తీగ మ్రోగు పొడవు 24 అంగుళములు. ఫెండరువారి ప్రసిద్ధ నమూనాలలో అది ఇరువది యైదున్నర. పొట్టి తీగ మెత్తగ ఉండి వేలికి సులువుగ వంగును. కాని గట్టిగ మీటినచో అది గుర్రము, అనగా బ్రిడ్జి, మీదినుండి ప్రక్కకు జారును. ఇది ఆ గిటారుపై అందరును వేయు నింద. 1962లో దానికి లావు తీగలు కట్టెడివారు. నేటివారు సన్నని తీగలు కట్టి, జారుచున్నదని వాపోవుచున్నారు. తీగ మార్చినచో సగము జబ్బు కుదురును. కొందరు గుర్రమునే మార్చుదురు. కొత్త నకళ్ళలో కొన్నింటికి సంస్థలే వేరు గుర్రమును బిగించి పంపుచున్నవి. చూపులకు పాతదే, లోపల దిద్దుబాటు జరిగినది. నకలుపై నాకు గల గౌరవము ఇట్టి చోటనే.

రెండవ ఫిర్యాదు మెడ వాలుట. ఒడలు తేలికయై మెడ బరువైనచో, పట్టీ తగిలించి చేతులు విడిచినంతనే బిరడల కొన నేలవైపు వాలును. అప్పుడు ఎడమచేయి స్వరము పట్టుటకు బదులు మెడను మోయవలసి వచ్చును. మూడవది రొద. ఒంటి చుట్టగల గిటారులు కరెంటు తీగల రొదను పట్టును. మన దేశపు కరెంటు సెకనుకు 50 ఆవృత్తులది గనుక ఆ రొద మన యిండ్లలో మంద్రమైన గుమ్మను శబ్దమై వినబడును. గిబ్సన్ సంస్థలో సేత్ లవర్ 1955లో రెండు చుట్టలను ఎదురెదురుగ కలిపి దీనిని అణచెను. పాత రూపము గోరువారిలో చాలమంది ఆ రొదనే ప్రామాణికమని సహింతురు.

రూపము వలన మేలు జరిగిన సందర్భములును లేకపోలేదు. సెయింట్ విన్సెంట్ అను పేరుగల అమెరికను గాయని 2016లో మ్యూజిక్ మ్యాన్ సంస్థచే కోణములు తేలిన గిటారును చేయించుకొన్నది. అది బొమ్మకు పాతకాలపు వింతవలె ఉండును. సన్నని నడుము, తక్కువ బరువు. స్త్రీ వక్షమునకు ఒరయకుండునట్లు ఆమె దానిని గీయించినది. అంతకు ముందు గిటారులన్నియు పురుష దేహమునకు కొలిచి చేసినవేనా యని ఆలోచింపజేసిన గిటారు అది.

మన తెలుగునాట దీనికి సమీపమైన ఉదాహరణ పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్‌గారు. 1969లో జన్మించి 2014లో గతించినారు. మాండలిన్‌లో సహజముగ నాలుగు జంటలు, అనగా ఎనిమిది తీగలు. మీటిన స్వరము వెంటనే అణగిపోవును. కర్ణాటక సంగీతమునకు గమకము ప్రాణము. స్వరము నిలువనిచో గమకము లేదు. శ్రీనివాస్‌గారు ఒంటి తీగలు ఐదు కట్టిన విద్యుత్ మాండలిన్‌ను చేపట్టినారు. అది చూపులకు పొట్టి విద్యుత్ గిటారువలె ఉండెడిది. సంప్రదాయజ్ఞులు కొందరు మొదట మొగము చిట్లించినారు. ఆయన దానిపై రాగము పలికించిన తరువాత ఆ మాట సద్దుమణిగినది. 1998లో ఆయనకు పద్మశ్రీ లభించినది. అక్కడ రూపము అవసరము నుండి వచ్చినది, వేడుక నుండి కాదు.

ఈ సందర్భమున రేడియోవారి మాటయు ఒకటి చెప్పవలెను. 1940లో ఆలిండియా రేడియో హార్మోనియమును వెలివేసినది. 1971 వరకు ఆ నిషేధము సడలలేదు. పరదేశపు పెట్టె, మన శ్రుతులు పలుకదని కారణము చెప్పినారు. ఆ ముప్పది యేండ్లును మన పల్లెలలో చిందు యక్షగానము వారు హార్మోనియమును విడువలేదు. జనగామ జిల్లాకు చెందిన గడ్డం సమ్మయ్యగారికి 2024లో పద్మశ్రీ తెచ్చినది ఆ చిందు కళయే.

ఇప్పుడు కొనుగోలు మాట. జనగామవారికి, మహబూబాబాదువారికి రైలున్నది. సికింద్రాబాదు దిగి నాలుగు దుకాణములు తిరుగవచ్చును. భూపాలపల్లివారు బస్సులో హనుమకొండకు రావలెను. దూరమని బొమ్మ చూచి తెప్పించుకొనుటకంటె ఒక దినము పోయినను పోవుటయే మేలు. దుకాణమున పట్టీ తగిలించి, నిలుచుండి, చేతులు రెండును విడువుడు. మెడ వాలినచో మరియొకటి చూడుడు. తరువాత కూర్చుండి తొడపై పెట్టి చూడుడు. ఇంటివద్ద సాధన అట్లే గదా. గట్టిగ పదిమార్లు మీటి, తీగ గుర్రము మీద నిలిచినదో లేదో, శ్రుతి తప్పినదో లేదో గమనింపుడు. యాంప్లిఫయరు పెట్టి, చేతులు తీగలపై నుంచక, రొద వినుడు. దుకాణపు దీపములు వెలుగుచుండగనే వినవలెను. ఇవన్నియు కుదిరిన గిటారులు రెండున్నచో, వానిలో వింతదానినే తీసికొనుటకు నాకు అభ్యంతరము లేదు. పట్టీ మాత్రము పలుమారు గిటారుతో రాదు, వేరుగ కొనవలెను. వెడల్పైనది, వెనుక గరుకు తోలుగలది అడుగుడు.