కత్తెరకు దొరకని పాట

(ఒక సాంస్కృతిక సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



చైనాలో వేదిక ఎక్కకముందే పాట సాహిత్యాన్ని అధికారులకు అప్పజెప్పాలి. వాళ్లు సరేనంటేనే కచేరీ. మరి అక్కడి రాక్ గాయకులు మనసులోని మాట ఎట్లా చెప్తున్నారు? పత్రికల్లో పనిచేసే మేం కత్తెర దెబ్బ ఎరిగినవాళ్లం. అందుకే ఈ ముచ్చట మీ ముందు పెడుతున్నాం.

1986 మే నెల. బీజింగ్ వర్కర్స్ జిమ్నేజియంలో త్సుయ్ జియెన్ అనే యువకుడు 'నా దగ్గరేమీ లేదు' అనే పాట పాడాడు. ఆర్కెస్ట్రాలో ట్రంపెట్ వాయించే మనిషి. పైకి అది ప్రేమపాటే. ఏమీ లేని పిలగాడు తనతో రమ్మని పిల్లను బతిమాలుతాడు. ఇందులో కత్తిరించడానికి ఏముంది? కానీ ఆ శీర్షికలోని మాట చైనా భాషలోని 'ఇంటర్నేషనల్' గీతంలోనూ ఉంది. శ్రామికుల గురించి ఆ మాట అనొద్దంటుంది గీతం. ఈ పిలగాడేమో అదే నిజమంటాడు. విన్నవాళ్లకు అర్థమైంది.

1989లో తియానన్మెన్ చౌరస్తాలో బైఠాయించిన విద్యార్థులు దాన్ని తమ పాట చేసుకున్నారు. మే నెలలో త్సుయ్ జియెన్ వాళ్ల మధ్యకే వెళ్లి పాడాడు. జూన్‌లో తూటాలు పేలాయి. 1990లో ఆసియా క్రీడల విరాళాల కోసం ఊరూరా కచేరీలు చేస్తూ, కళ్లకు ఎర్రగుడ్డ కట్టుకొని పాడాడు. ఆ యాత్రను సర్కారు మధ్యలోనే ఆపించింది.

తర్వాతి తరంలో 'కార్‌సిక్ కార్స్' బృందం 'ఝోంగ్నాన్‌హై' అనే పాట కట్టింది. అది ఒక సిగరెట్టు పేరు. పార్టీ అగ్రనేతలు కొలువుండే ఆవరణ పేరు కూడా అదే! పాట మొదలైతే జనం వేదిక మీదికి సిగరెట్లు విసిరేవాళ్లు. దేని గురించి పాడారో ఎవరు తేల్చాలి? సగం పాట గాయకుడిదైతే, మిగతా సగం విన్నవాళ్లది. ఆ సగం మీద కత్తెర పడదు.

అయితే మిత్రులారా, ఇది చూసి మురిసిపోవద్దు. చాటు మాట తెలివే గానీ స్వేచ్ఛ కాదు. 2019లో లీ జీ అనే గాయకుడి పాటలన్నీ చైనా ఇంటర్నెట్ సంగీత వేదికల మీద లేకుండా పోయాయి. అక్కడ కత్తిరించింది మాటను కాదు, మనిషినే.

2014లో ప్రభుత్వ టీవీ కొత్త సంవత్సర వేడుకకు త్సుయ్ జియెన్‌ను పిలిచారు. ఆ పాత పాట మాత్రం వద్దన్నారు. ఆయన తప్పుకున్నాడు. కోట్ల మంది చూసే వేదికను వదులుకున్నాడు గానీ పాటను వదులుకోలేదు. ఏ మాట చాటుగా చెప్పాలో ఎంత ముఖ్యమో, ఏ మాట వదులుకోకూడదో అంతకన్నా ముఖ్యం.