చదరంగపు గళ్ళలోని సంఖ్య
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



పంచాంగ శ్రవణం ముగిసిందో లేదో మళ్ళీ లెక్కలా అని విసుగు చెందవద్దు. మేము రైల్వే గుమాస్తాలము. అంకెలు తప్ప మాకు వేరే పాండిత్యము లేదు. నేడు ఒకే ఒక సంఖ్యను గురించి మనవి చేస్తాము.

చదరంగపు బల్లమీద మొదటి గడిలో ఒక గింజ, రెండవ గడిలో రెండు, మూడవ గడిలో నాలుగు, ఇట్లా అరువది నాలుగు గళ్ళూ నింపితే మొత్తము 18446744073709551615 గింజలు. అనగా, రెండును అరువది నాలుగు మార్లు వేసి గుణించి, ఒకటి తీసివేయాలి. వెయ్యి వడ్లగింజలు 25 గ్రాములు తూగుతాయనుకుంటే, 60 టన్నుల వ్యాగన్లు 768 కోట్లకు పైగా కావాలి. మన బరంపురం స్టేషనులో వాటిని నిలపడానికి చోటెక్కడిది!

ఈ ఇరవై అంకెలనూ ఒక్క తెలుగు పద్యంలో బిగించినవాడు పావులూరి మల్లన. 11వ శతాబ్దివాడు, మహావీరాచార్యుల గణితసారసంగ్రహాన్ని తెనిగించినవాడు. శశి అంటే 1, అగ్ని 3, వేదము 4, బాణము 5, ఆకాశము 0. ఒకట్ల స్థానమునుండి ఎడమకు పోవాలి. గంజాం 1936 ఏప్రిల్ 1న ఒడిశాలో చేరింది. నేడు మన పిల్లలు చాలమంది ఒడియా, ఇంగ్లీషు బడులలో చదువుతున్నారు. తెలుగు అక్షరం రాకపోయినా శశి, అగ్ని, వేదము వారికి తెలిసిన మాటలే. ఈ పద్యం నేర్పడం మనమనుకునేటంత కష్టం కాదు.

అయితే నేర్పేముందు, ఇన్ని వందల ఏళ్ళు తాటాకులమీద నడిచివచ్చిన సంఖ్య సరిగా వచ్చిందా అని చూచుకోవాలి కదా. ఛందస్సు కొంత కాపలా కాస్తుంది, పూర్తిగా కాదు. ఒక మాట ఉండవలసినచోట అదే కొలత గల మరొక మాట పడితే గణం చెడదు, లెక్క చెడుతుంది. కనుక సాక్ష్యం సంఖ్యనే అడగాలి.

అంకెలన్నీ కూడితే 87. తొమ్మిదితో భాగిస్తే శేషం 6. రెండును రెట్టింపు చేస్తూ తొమ్మిదితో భాగిస్తూ పోతే శేషాలు 2, 4, 8, 7, 5, 1 అని ఆరింటికొకమారు తిరుగుతాయి. అరువది నాలుగవది 7. ఒకటి తీస్తే 6. సరిపోయింది. కాని పక్కపక్క అంకెలు తారుమారైతే తొమ్మిదికి తెలియదు. గుమాస్తాలు ఎక్కువగా పడే గొయ్యి అదే! దానిని పదకొండు పట్టుకుంటుంది. కుడినుండి ఒక అంకె కూడుతూ, ఒకటి తీసివేస్తూ పోతే 37, శేషం 4. రెట్టింపుల వైపునుండి చూచినా, పదింటికొకమారు శేషం 1కి వస్తుంది గనుక, మిగిలిన నాలుగు రెట్టింపులకు 16, అనగా శేషం 5. ఒకటి తీస్తే అదే 4. వ్యాగను మీది పదకొండంకెల నంబరులో చివరి అంకె ఇటువంటి కాపలాదారే.

మరొక్క మాట. ఈ సంఖ్య 4294967295ను 4294967297తో గుణించగా వచ్చినది. ఈ రెండవదానిని ఫెర్మా ప్రధానసంఖ్య అని నమ్మాడు. 1732లో ఆయిలర్ అది 641తో తెగుతుందని చూపాడు. అది తెగితే మల్లన సంఖ్యా తెగవలసిందే. సామాన్యపు లెక్కయంత్రంలో ఇరవై అంకెలు పట్టవు, పలక తెచ్చుకోండి. 28778071877862015 వచ్చి శేషం సున్న రావాలి.