ఛార్జింగ్ లైటు



ఒకప్పుడు చాలా ఇళ్లలో కిరసనాయిలు బుడ్డి ఉండేది. దానితో ఎంత జాగ్రత్తగా ఉండేవాళ్లు! పిల్లలకి అందకుండా గూట్లో పెట్టేవాళ్లు. చీర కొంగు తగలకుండా చూసుకునేవాళ్లు. పడుకునే ముందు ఆర్పేసేవాళ్లు. ఆర్పాక ఇక భయం లేదు.

ఇప్పుడు ఆ గూట్లోకి ఛార్జింగ్ లైటు వచ్చింది. పొగ లేదు, మంట లేదు. కొంగు తగిలినా అంటుకోదు. అందుకే అది ఏమీ చెయ్యదులే అనుకుంటారు. కానీ దీని తీరు వేరు. బుడ్డి వెలిగేటప్పుడు భయం. ఈ లైటు ప్లగ్గులో ఉన్నప్పుడు భయం.

ఎందుకో చూడండి. గోడ ప్లగ్గులో వచ్చే కరెంటు 230 వోల్టులు. లైటులో ఉన్న చిన్న బ్యాటరీకి కావలసింది సుమారు 4 వోల్టులే. అంత పెద్ద కరెంటును ఇంత చిన్నది చేసి బ్యాటరీ నింపాలి. అప్పుడు వేడి పుడుతుంది. ఆ వేడి గాలికి పోవాలి.

ఒక ఇల్లాలు ఉందనుకోండి. రాత్రి పనంతా అయ్యాక లైటుకు ఛార్జింగ్ పెడుతుంది. కింద పెడితే పిల్లాడు తొక్కుతాడని మంచం మీద, బొంత మీద పెడుతుంది. తెల్లారేదాకా అది అక్కడే. బొంత వేడిని పోనివ్వదు. బ్యాటరీ పాతదై, లోపల ఏదైనా చెడితే ముందు అంటుకునేది ఆ బొంతే. దాని మీదే పిల్లలు పడుకుని ఉంటారు.

అదే లైటును ఆమె సాయంత్రం వంట చేసుకుంటూ, పొయ్యికి దూరంగా, గచ్చు మీదో బండ మీదో పెట్టవచ్చు. మెలకువగా ఉంటుంది కాబట్టి కనిపెట్టుకుని ఉంటుంది. నిండాక తీసేస్తుంది. పడుకునే వేళకి ప్లగ్గు ఖాళీ.

ఇంకో సంగతి. ప్లగ్గు విరిగితే వైరు కొసలు ఒలిచి, బోర్డు కన్నాల్లో దూర్చి, అగ్గిపుల్లలు గుచ్చుతారు. ఇది మగవాళ్ల తెలివి! షాకు కొట్టేది మాత్రం ఇల్లు ఊడ్చే ఆడవాళ్లకి, పాకే పిల్లలకి. కొత్త ప్లగ్గు వేయించేదాకా ఆ లైటు ముట్టవద్దు. కొన్ని చౌక లైట్లకు పిన్నులు లైటుకే ఉంటాయి. గోడలోంచి లాగిన వెంటనే ఆ పిన్నులు పట్టుకుంటే చురుక్కుమంటుంది. లోపల కాస్త కరెంటు మిగిలి ఉంటుంది మరి. తడి చేతుల సంగతి మీకు తెలిసిందే.

కొన్ని లైట్లకు ఛార్జరు విడిగా ఉంటుంది. అది పోతే ఇంట్లో ఉన్న మరో ఛార్జరు పెడతారు. కన్నంలో పట్టింది కదా అనుకుంటారు. పట్టినంత మాత్రాన సరిపోదు. ఛార్జరు మీద రాత ఇంగ్లీషే, కానీ అంకెలు మీరు నేర్చుకున్న అంకెలే. ‘వి’ అనే ఇంగ్లీషు అక్షరం పంగలకర్ర పైభాగంలా ఉంటుంది. దాని పక్క అంకెలు చూడండి. 230, 240 లాంటి పెద్ద అంకె గోడ కరెంటుది. 5 గానీ, 9 గానీ, 12 గానీ ఉండే చిన్న అంకె లైటుకు వెళ్లేది. లైటు మీదో, దాని అట్టపెట్టె మీదో అదే అంకె ఉండాలి. 5 అడిగే లైటుకు 12 ఇస్తే బ్యాటరీ పాడవుతుంది, ఉబ్బుతుంది, అంటుకోవచ్చు కూడా. ఇక ఈ పనికి ఎవర్నీ అడగనక్కరలేదు. మీరే చదవండి.

లైటు ఉబ్బినా, ఘాటు వాసన వచ్చినా, చెయ్యి పెట్టలేనంత కాలినా, స్విచ్చి ఆపి ప్లగ్గు తీసెయ్యాలి. మళ్లీ ఛార్జింగ్ పెట్టకూడదు. పొగ వస్తుంటే దాన్ని చేత్తో పట్టుకోవద్దు. మెయిన్ ఆపి, పిల్లల్ని తీసుకుని బయటికి రావాలి. మెయిన్ ఆపకుండా నీళ్లు పొయ్యవద్దు.

పాత బ్యాటరీని పొయ్యిలో వేస్తే పేలుతుంది. బరువుగా ఉండే బ్యాటరీలో సీసం, యాసిడ్ ఉంటాయి. సీసం పిల్లలకి విషం. ఆటకి ఇవ్వకండి, చెత్తలో వెయ్యకండి. 2022లో కేంద్ర ప్రభుత్వం నిబంధనలు తెచ్చింది. వాటి ప్రకారం పాత బ్యాటరీలు వెనక్కి తీసుకునే బాధ్యత తయారు చేసిన కంపెనీలదే. లైటు కొన్న కొట్టుకు తీసుకెళ్లండి. కొట్టువాడు మాకెందుకంటే ఈ మాట చెప్పి, ఎక్కడ ఇవ్వాలో వాడినే అడగండి.